తడారిన నార

కుండలోంచి నీళ్ళు ముంచి అమ్మ సీసాలో పోస్తున్నాను. అర లీటరు గీత దగ్గర ఆపాలి. ఆ రోజంతటికీ అమ్మ తాగాల్సింది అంతే. ఒక గిన్నె చోడి అంబలి తాగితే సీసాలోంచి అంత తీసి మళ్ళీ కుండలో పోసేస్తాను. కిడ్నీలు పని మానేసిన మనిషికి నీళ్ళు కూడా పడవని ఆసుపత్రి నర్సు మొదటిసారి చెప్పినప్పుడు అమ్మ నవ్వింది. "ఇంటెనకాల గెడ్డ పారతంటే నాను సీసాతో తాగాలేటి" అంది. ఇప్పుడు నవ్వడం లేదు. గోడకి ఆనుకుని కూర్చుని, నా చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూస్తోంది. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి.

గురువారం. అమ్మ మిషను మీద పడుకుని ఆరు రోజులైంది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, కింద ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించాలి. ఈ మంగళవారం మేం అక్కడికి చేరలేదు. రేపు శుక్రవారం కూడా చేరకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పాడు. అమ్మ లేని చోట, అన్నకీ నాకూ చెప్పాడు.

మా ఊరి నుంచి జీపులు ఆగే రోడ్డుకి తొమ్మిది కిలోమీటర్ల మట్టిదారి. శ్రావణంలో ఆ ఎర్రమన్ను మీద కాలు నిలవదు. అన్న ఫల్గుణ బండి నడిపితే, మధ్యలో అమ్మ, అమ్మను పట్టుకుని వెనక నేను. మా అయ్య భీముడు ఎప్పుడో మిరియాలు అమ్మి కొన్న బండి అది, పదిహేడేళ్ళది. పోయిన శుక్రవారం తిరిగొస్తూ దాని సన్న టైరు మీద రెండుసార్లు జారాం. ఇక లాభం లేదని మర్నాడు అన్న కిందికి దిగి వెడల్పాటి వెనక టైరు తెచ్చాడు. పాతది షాపువాడికే ఇచ్చేశాడు. కొత్తది ఆ పాత బండికి ఎక్కించేసరికి మూడు రోజులు పట్టింది. మంగళవారం తెల్లవారి బయలుదేరాం. నాలుగు కిలోమీటర్లు దిగాక, మలుపులో వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ముగ్గురం పడ్డాం. అమ్మ నుదురు చీరుకుపోయింది. ఊరే దగ్గర కాబట్టి ఎనిమిది మంది మగవాళ్ళు వచ్చి అమ్మను డోలీలో పైకే మోసుకొచ్చారు. గెడ్డ దాటుతుంటే మోసేవాళ్ళలో ఒకడు, పక్కింటి యర్రమ్మ మొగుడు, రాయి మీద జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. ఊడ్పుల కాలంలో అతను మంచం మీద ఉన్నాడు. ఆ సంగతి తెలిశాక అమ్మ ఒకే మాట అంది. "నన్ను మొయ్యమని ఇంకెవల్నీ అడక్కండి."

ఎందుకు పడ్డారని ఊరంతా అడిగింది. అన్న నన్ను చూపించాడు.

"ఎనకాల కూకున్న గుంట కదిలింది. బరువు ఒక పక్కకి పడిపోయింది" అన్నాడు.

కదిలానా? అమ్మకు దగ్గొచ్చింది. నేను ఆమె పైట సర్దాను. అదేనేమో అనుకున్నాను. మంగళవారం నుంచి అదే అనుకుంటున్నాను.

సీసా మూత బిగిస్తుండగా వాకిట్లో ఎవరో కాళ్ళు దులుపుకున్న చప్పుడైంది. మెకానిక్ కొండబాబు. రోడ్డు మీద అతనికి షెడ్డు ఉంది. పదో తరగతి దాకా అన్నతో ఒకే బెంచీ. తొమ్మిది కిలోమీటర్లూ నడిచి వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా మన్ను. భుజం మీద గోనెసంచిలో ఇనుము గలగలమంటోంది.

"ఫల్గుణున్నాడేటి సెల్లీ?"

"ఉన్నాడు. కూకో అన్నా, అంబలి తెత్తాను."

"అంబలి తరవాత. ముందు ఆడి మొకం సూడాలి."

చూరు కింద అయ్య అడ్డనార పేనుతున్నాడు. తలెత్తి "ఏరా కొండబాబూ, ఇంత దూరం నడిసొచ్చేవు. బళ్ళు బాగుసేసీవోడికి బండి లేదేటి" అన్నాడు.

"ఉంది మావా. ఈ మట్టిలో అది నన్నెక్కాలి, నాను దాన్నెక్కడం కాదు."

అయ్య నవ్వి మళ్ళీ పనిలో పడ్డాడు. మా చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఇంటి వాసాలు కట్టాలంటే అయ్యనే పిలుస్తారు. మేకు కొట్టడు. అడ్డతీగ బెరడు గెడ్డలో నానేసి, చీల్చి, మూడు పాయలుగా పేని, ఆ నారతోనే కడతాడు. ఎడమచేతి వాటం మనిషి. అందరి నారా కుడికి మెలి తిరిగితే అయ్యది ఎడమకి తిరుగుతుంది. మా ఊరి పన్నెండు ఇళ్ళూ ఆ మెలి మీదే నిలబడ్డాయి.

అన్న ఇంటి పక్క నుంచి వచ్చాడు. కొండబాబుని చూసి నవ్వబోయి ఆగిపోయాడు.

"ఏరా, నా వెల్డింగు ఇరిగిందంట" అన్నాడు కొండబాబు.

"ఎవలు సెప్పారు?"

"నువ్వే. నిన్న మందులకి దిగినప్పుడు జీపులోళ్ళకి సెప్పేవంట, కొండబాబు పెట్టిన అతుకు ఊడి మాయమ్మ పడిపోనాదని. ఈయేళ పొద్దున్న ఇద్దరు బళ్ళు అప్పగించి, మళ్ళీ వచ్చి తోలుకుపోయారు. సాటుగా కాదు, మొకం మీదే సెప్పేరు. నీ సేతిపనికి మనుసులు పడిపోతన్నారు బాబూ అని."

నేను గుమ్మంలో ఆగిపోయాను. నాకు చెప్పింది నా బరువు. జీపువాళ్ళకు చెప్పింది వెల్డింగు.

"ఏదో అనుంటాను" అన్నాడు అన్న.

"ఏదో కాదు. బండేది?"

బండి ఇంటి వెనక, టార్పాలిన్ కింద ఉంది. కొండబాబు దాన్ని లాగి పక్కన పడేశాడు. ఎర్రమన్ను ఎండి బండంతా పెచ్చులు కట్టింది. వెనక చక్రం ఒక్కటే శుభ్రంగా ఉంది. మంగళవారం, అమ్మ నుదుటికి నేను పసుపు అద్దుతుండగా, అన్న గెడ్డ నీళ్ళు తెచ్చి ఆ చక్రాన్ని కడగడం నేను చూశాను. అప్పుడు అదేమీ వింతగా అనిపించలేదు.

అయ్య కూడా నార చేతిలోనే పట్టుకుని మా వెనక వచ్చి నిలబడ్డాడు.

కొండబాబు స్పానరుతో అతుకు మీద కొట్టాడు. టంగుమంది. రెండోవైపూ కొట్టాడు.

"ఇదేనా ఊడింది? నువ్వూ ఇను మావా. శనివారం ఈడు ఈ దున్నపోతు టైరు తెచ్చి, ఈ మేకపిల్లకి ఎక్కించమన్నాడు. రిమ్ము సన్నం, టైరు ఎడల్పు. ఎక్కించేసరికి రెండు ట్యూబులు సిరిగిపోయాయి. ఆదివారం ఎక్కింది. ఎక్కితే ఎడమ పక్క సైను రాసుకుంటంది. సక్రం పట్టుకునే ఇనప సేతులు రెండూ కోసి ఎడం సేసి అతికేను. సక్రం కుడిపక్కకి జరిపేను. సైను తప్పింది. సోమవారం సూత్తే కుడిపక్క బ్రేకు రాడ్డు టైరుకి తగులుతంది. ఒకటి సర్దితే ఇంకోటి. వద్దురా, ఇది ఈ బండికి పుట్టింది కాదురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను."

"రాడ్డంటే ఏటి?" అన్నాను. బళ్ళ గురించి నేనెప్పుడూ అడగలేదు. ముగ్గురూ నా వైపు చూశారు.

కొండబాబు చక్రం మధ్యలో గుండ్రటి ఇనుప మూత చూపించాడు. "ఈ ప్లేటు లోపల బ్రేకులుంటాయి సెల్లీ. కాలితో నొక్కితే సక్రాన్ని అదిమి పట్టుకుంటాయి. అప్పుడు సక్రంతోపాటు ప్లేటూ తిరిగిపోవాలని సూత్తాది. తిరక్కుండా దీన్ని బండికి కట్టి ఉంచేదే రాడ్డు. అది లేకపోతే ప్లేటు గిర్రుమని తిరిగి, బ్రేకుని మెలేసి బిగించేత్తాది. ఇంకొదల్దు." అన్న వైపు తిరిగాడు. "సోమవారం ఆ రాడ్డిప్పి వంచుదామంటే కరెంటు పోయింది. బుధవారం రారా, రాడ్డు లేకుండా మాత్తరం బండెక్కొద్దు అని సెప్పేనా నేదా?"

"మంగళారం అమ్మని తీసుకెల్లాలి."

"అందికే ఏటి కట్టేవు దీనికి?"

"వైరు."

"వైరైతే ఇక్కడ గీరుండాలి. నేదే." కొండబాబు మోకాళ్ళ మీద కూర్చుని ప్లేటు అంచు చూశాడు. "సెల్లీ, నీ వేళ్ళు సన్నగా ఉంటాయి. ఈ సందులో ఏదో ఇరుక్కుంది. లాగు."

నేను పక్కన కూర్చుని ప్లేటుకీ చక్రానికీ మధ్య సందులో వేళ్ళు పెట్టాను. కడిగినవాళ్ళ చెయ్యి అందని చోట అది ఉంది. లాగితే వచ్చింది. జానెడు ముక్క. ఒక కొస మాడి నల్లబడింది. చేతిలో పట్టుకుంటే పొడి రాలింది. మూడు పాయలు. ఎడమకి తిరిగిన మెలి.

తలెత్తేసరికి అన్న నన్నే చూస్తున్నాడు. ఎవరికీ కనిపించనంత మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు నాకు ఇంకోటి గుర్తొచ్చింది. మంగళవారం సాయంత్రం అయ్య అన్నను అడిగాడు, నా ముడి ఎలాగుందిరా అని. "సెక్కు సెదరలేదయ్యా. బండి తోసుకురాడానికి నానే కోసేసేను" అన్నాడు అన్న. ఆ మాట అయ్యకు ఎంత హాయిగా అనిపించిందో ఆయన తిన్న అన్నం చూస్తే తెలిసింది. అప్పటికి నేను నా తప్పు గురించే ఆలోచిస్తున్నాను కాబట్టి ఆ ముడి ఏమిటో, దేనికి కట్టారో అడగలేదు.

పిడికిలి మూసేస్తే అయిపోయేది. అయ్య ముడి అలాగే ఉండేది. పడిపోవడానికి కారణం నేనే అయి ఉండేదాన్ని. దాన్ని మోయడం నాకు రెండు రోజులుగా అలవాటైంది. కానీ అయ్య చేతిలో కొత్త నార ఉంది. పొద్దున్నించీ పేనుతున్నది అదే, మొన్నటికన్నా రెట్టింపు లావు. రేపు అమ్మను ఎక్కించే ముందు ఆయన దాన్ని ఈ ప్లేటుకే కడతాడు.

నేను చెయ్యి చాపి, ముక్కను అయ్యకు ఇచ్చాను.

అయ్య దాన్ని వెంటనే చూడలేదు. చూపుడువేలితో మెలి మీద రాశాడు. వాసన చూశాడు. మాడిన కొసను గోటితో గిల్లితే రాలిపోయింది.

"కోసింది కాదు ఇది" అన్నాడు.

అన్న వంగి, పక్కన పడేసిన టార్పాలిన్ మడత పెట్టసాగాడు.

"తెగింది."

"అయ్యా..."

"తడుంటే తెగదు. తడున్నంతసేపు జత ఎడ్లు లాగినా తెగదు."

కొండబాబు మొహంలో కోపం పోయింది. తను వచ్చిన పని ఇది కాదన్నట్టు, లేచి చేతులు తుడుచుకున్నాడు. "మావా, ముడి తప్పు కాదు. మీరందరూ దిగుడులో ఇంజినాపేత్తారు కదా, పెట్రోలు కలిసొత్తాదని. నాలుగు కిలోమీటర్లు ముగ్గురి బరువు మీద బ్రేకు నొక్కుకుంటా దిగితే ఆ బ్రేకు డబ్బా పెనంలాగ కాలిపోతాది. దాని పక్కన నార తడెక్కడుంటాది? ఆరిపోయి పుటుక్కుమంది. ప్లేటు తిరిగిపోయింది. అంతే."

"ఆడు వైరు తెత్తానన్నాడు" అన్నాడు అయ్య. ఎవరికి చెబుతున్నాడో తెలియలేదు. "నానే ఒద్దన్నాను. వైరు ఇరుగుతాది, అడ్డనార కట్టు, ఇల్లే ఆగుతంది అన్నాను. నానే కట్టేను. ఈ సేత్తోనే."

"ఎవలికి తెలుసయ్యా, అది కాల్తాదని" అన్నాడు అన్న.

"నీకు తెలుసు. రెండు రోజులై తెలుసు."

"సెప్పి ఏటి సెయ్యమంటావు?"

కొండబాబు కలగజేసుకున్నాడు. "నామీద పెట్టేవు, సరే, నాను ఎలాగో బతుకుతాను. ఈ గుంటమీద పెట్టేవేట్రా? ఊరంతా అదే అనుకుంటంది. వత్తంటే దార్లో ఇద్దరు సెప్పేరు నాకు, సెల్లెలు కదిలీసి తల్లిని పడగొట్టిందని."

"అయ్య రేపూ ఇళ్ళు కట్టాల." అన్న గొంతు మామూలుగానే ఉంది. "అయ్య ముడి ఊడిందంటే ఏ ఇంటోడు పిలుత్తాడు? దీన్నెవలు ఏ పనికి పిలుత్తారు? ఏటడుగుతారు?"

అతను కోపంతో అనలేదు. ఆలోచించి, లెక్క చూసి, ఎవరి మీద పెడితే తక్కువ నష్టమో తేల్చుకుని చేసిన పని అది. అందుకే నాకు ఏడుపు రాలేదు. బండి పక్కన కూర్చుని చేతికి అంటిన నల్లపొడి మట్టిలో రాసుకున్నాను.

పైన మబ్బు దిగుతోంది. తర్వాత కొండబాబు సంచి విప్పి వంచిన రాడ్డు తీశాడు.

"నిన్న కరెంటొచ్చింది. తిడదామనే వచ్చాను గానీ, ఇదీ తెచ్చేను. అత్త రేపు ఎల్లాలి కదేటి."

ఇద్దరూ చక్రం దగ్గర కూర్చున్నారు. ఒక బోల్టు ఎక్కింది. చక్రం చేత్తో తిప్పితే రాడ్డు వంపు టైరు గళ్ళకి కొట్టుకుంది, టకటకమని. కొండబాబు రాడ్డు విప్పి, రాతి మీద పెట్టి సుత్తితో ఇంకొంచెం వంచాడు. ఈసారి టైరుకి తగల్లేదు. కానీ వంపు పెరిగి పొట్టిదైపోయింది. రెండో బోల్టు కన్నానికి వేలెడు దూరంలో ఆగిపోయింది. అన్న చక్రాన్ని ముందుకి లాగి అందించబోయాడు. లాగితే చైను వేలాడి మళ్ళీ టైరుకి తగిలింది.

"అవదు" అన్నాడు కొండబాబు. సుత్తి కింద పెట్టేశాడు. "సన్న టైరే ఎయ్యాలి. పాతదేది?"

"షాపోడికిచ్చేసేను."

"ఎందుకిచ్చేవురా?"

అన్న వేలాడుతున్న చైనుని వేలితో ఎత్తి వదిలాడు.

"నా సెడ్డులో అరిగిపోయిందొకటుంది. సక్రం బుజానేసుకుని నాతో రా. ఇప్పుడు దిగితే మూడింటికి సేరతాం. మార్చి ఇత్తాను. కానీ ఆ మబ్బు సూడు. సాయంత్రానికి గెడ్డ లేత్తాది. నువ్వు మళ్ళీ పైకి ఎప్పుడొత్తావు?"

"పొద్దున్న."

"పొద్దున్నొచ్చి, బిగించి, అత్తనెక్కించి, దిగి... మిసను ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి" అన్నాను.

ముగ్గురం లెక్క చూసుకున్నాం. కుదరదు. కుదిరినా, అరిగిపోయిన టైరు మీద ఆ మట్టిలో ముగ్గురం. అది కుదరకే కదా వెడల్పుది కొన్నది.

"డోలీ కడతాను" అన్నాడు అయ్య. "ఊడ్పులైనా సరే, అడుగుతాను. ఇంటింటికీ ఎల్లి కాళ్ళు పట్టుకుంటాను."

అని, చేతిలో ఉన్న నార వైపు చూసుకున్నాడు. డోలీ కట్టేదీ ఆ నారతోనే. అది చల్లటి వానలో తడిసే ఉంటుందని, చక్కగా ఆగుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఒక్కరు కూడా సరే కట్టు అనలేదు. అయ్య వేళ్ళు మెలి మీద కదలడం మానేశాయి. కొండబాబు మరెటో చూస్తూ సంచి మూతి కట్టుకోసాగాడు.

మా ఇంటి గోడ వెదురు తడిక మీద మట్టి మెత్తింది. ఇటు మాట్లాడితే అటు వినిపిస్తుంది. అమ్మ ఆనుకుని కూర్చున్నది ఆ గోడకే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. కూతురి మీద వేసిన నింద, కొడుకు ఆడిన అబద్ధాలు, పరాయివాడి ముందు మొగుడి ముడికి పరువు పోవడం, మళ్ళీ డోలీ మాట. ఒక్కటి కూడా వదలకుండా వినే ఉంటుంది. ఇంతసేపూ లోపల్నించి దగ్గు కూడా రాలేదు.

వెనక తలుపు దగ్గర అలికిడైంది. అమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. వాచిన కాళ్ళకి చెప్పులు పట్టడం లేదు, ఉత్తి కాళ్ళతోనే ఉంది. ఒక్కొక్క మెట్టు ఆగి ఆగి దిగింది. బండి వైపు చూడలేదు. అయ్య దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఆయన చేతిలోంచి ఆ కొత్త నారను తీసి, అక్కడున్న కట్టెల మీద పెట్టింది. కోపంగా లాక్కోలేదు. పని అయిపోయాక ఆయన చేతిలోంచి కత్తి తీసి చూర్లో దోపుతుంది కదా, అలాగే.

అయ్య ఆమె వైపు చూడలేకపోయాడు. అన్న అప్పటికే మళ్ళీ చక్రం విప్పుతున్నాడు, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి. కొండబాబు బోల్టు పట్టుకున్నాడు. అమ్మ పెరటి చివరకి వెళుతోందనుకున్నాను. పెరడు దాటింది. కంచె గడి తీసింది. గాలి అందక అక్కడ కాసేపు గడిని పట్టుకుని వంగి నిలబడింది.

"అమ్మా, ఏటి కావాలి?" అన్నాను.

తిరిగి చూడలేదు. కంచె అవతల దారి రెండుగా చీలుతుంది. ఎడమది కిందికి, రోడ్డుకి, జీపులకి, ఆసుపత్రికి. కుడిది కొండపైకి, ఎప్పుడో వదిలేసిన మా పాత పోడు మీదుగా అడవిలోకి. అటు ఊరు లేదు, మోయడానికి మనిషి లేడు.

మొదటి చినుకులు పడుతున్నాయి. అమ్మ కుడివైపు తిరిగి ఎక్కడం మొదలుపెట్టింది.